చిన్న వేట, పంట కాపలా తుపాకులు

కుందేలు, కౌజు, పూరేడు, గువ్వ వంటి చిన్న ప్రాణుల వేటకూ, పంటనూ ధాన్యాన్నీ పాడుచేసే జంతువులను అదుపు చేయడానికీ వాడే తేలికపాటి తుపాకులను చిన్న వేట తుపాకులు, పంట కాపలా తుపాకులు అంటారు. మందు కూరే నాటు తుపాకి, 12 బోరు గుళ్ల తుపాకి, పాయింట్ 22 రైఫిల్, ఎయిర్ గన్ వీటిలో ముఖ్యమైనవి. అమెరికా వంటి దేశాల్లో వీటి ఎంపిక వేటగాడి అవసరాన్ని, ఇష్టాన్ని బట్టి సాగుతుంది. భారతదేశంలో 1991 తర్వాత సరదా వేటకు చోటు లేదు. ఇక్కడ మిగిలింది పంట కాపలా ఒక్కటే. దానికి ఏ తుపాకి పనికొస్తుందో కూడా చాలావరకు చట్టమే చెబుతుంది.

విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన చోటు. కొండ మీద అనంత పద్మనాభస్వామి, కొండ కింద కుంతీమాధవస్వామి కొలువైన ఈ ఊరి చుట్టూ గోస్తనీ నది పరిసరాల్లో వరిమళ్లు, వేరుశనగ మెట్టలు, కూరగాయల మళ్లు, మామిడి, జీడి, కొబ్బరి తోటలు, తుప్పలు కప్పిన గుట్టలు, ఊళ్లు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకొని ఉంటాయి. పొలం ఎక్కడ ఆగి ఊరు ఎక్కడ మొదలవుతుందో చీకట్లో గుర్తుపట్టలేం. ఇలా జనం మసిలే నేల మీద తుపాకులను పోల్చడానికి నమ్మదగిన కొలత ఒకటుంది: గురి తప్పితే ఆ గుండు ఎక్కడ ఆగుతుంది? ఈ వ్యాసంలో రకాలన్నిటినీ ఆ కొలతతోనే చూడవచ్చు.

పదాలు, పరిధి

"చిన్న వేట" అన్న మాట ఒకప్పుడు చట్టంలోనే ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట వచ్చినప్పుడు వేట జంతువులను మూడు తరగతులు చేసింది. రెండో షెడ్యూలులోవి ప్రత్యేక వేట, మూడో షెడ్యూలులోవి పెద్ద వేట, నాలుగో షెడ్యూలులోవి చిన్న వేట. తరగతికొక లైసెన్సు ఉండేది. 1991లో వచ్చిన సవరణ ఈ వేట లైసెన్సులన్నిటినీ రద్దు చేసింది. అప్పటినుంచి కుందేలును కొట్టినా, కౌజును కొట్టినా నేరమే.

చీడజంతువులకు ఐదో షెడ్యూలు ఉండేది. కాకి, పండ్లు తినే గబ్బిలం, చుంచు, ఎలుక చివరిదాకా అందులో ఉన్నవి. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, చీడజంతువుల షెడ్యూలు పోయింది. ఇప్పుడు ఒక జంతువును చీడగా ప్రకటించాలంటే, ఫలానా ప్రాంతంలో ఫలానా కాలానికి అని కేంద్రప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. అంతకుముందు మూడో షెడ్యూలులో ఉన్న అడవిపంది ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది.

రైతు లెక్క వేరు. అతనికి పంట తిన్నదల్లా చీడే. మెట్ట పొలాల్లో అడవిపంది, ఏదుపంది, కోతి, జొన్న మొక్కజొన్నల మీద చిలకలు, వరిలో ఎలుక, పందికొక్కు. చట్టం లెక్కకూ రైతు లెక్కకూ మధ్య ఉన్న ఈ ఎడంలోనే నాటు తుపాకి, కరెంటు తీగ, నాటు బాంబు బతుకుతున్నాయి.

చరిత్ర

తుపాకికి ముందు వేటకూ కాపలాకూ విల్లు, బల్లెం, వల, ఉచ్చు, ఉండేలు, వడిసెల ఉండేవి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి విసిరితే పిట్టల గుంపు లేచిపోయేది. పెద్దన మనుచరిత్ర వంటి ప్రబంధాల్లో రాజుల వేట పెద్ద వర్ణనా విషయం. ఆ వేటలో కుక్కలు, వలలు, బల్లేలే కనిపిస్తాయి.

పద్మనాభం పేరు తుపాకుల చరిత్రలో ఒక యుద్ధంతో ముడిపడి ఉంది. పేష్కషు (కప్పం) బకాయిల తగాదా ముదిరి 1794 జులై 10న విజయనగరం రాజు చిన విజయరామరాజు ఇక్కడే ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడి, తన మనుషులు ఎందరితోనో కలిసి ప్రాణాలు విడిచాడు. అవతలి సేనకు నాయకుడు కల్నల్ ప్రెండర్‌గాస్ట్. ఆ కాలంలో జమీందారీ బంట్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి నిప్పు వత్తితో పేలే తుపాకులు, కంపెనీ సిపాయిలవి చెకుముకి రాయితో పేలేవి. రెండూ గొట్టం మూతి నుంచి మందు కూరేవే. యుద్ధంలో వాడిన ఆ జాతి తుపాకే తర్వాత ఊళ్లలో వేట తుపాకిగా, పంట తుపాకిగా మిగిలింది. 19వ శతాబ్దం మొదటి భాగంలో వత్తి, చెకుముకి స్థానంలో దెబ్బకు పేలే చిన్న రాగి క్యాపు వచ్చింది.

1857 తిరుగుబాటు తర్వాత ప్రభుత్వానికి జనం చేతిలో ఆయుధం అంటే భయం పట్టుకుంది. వైస్రాయ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉండరాదని శాసించింది. ఆ భయానికి కారణం లేకపోలేదు. పద్మనాభం మండలంలోని పాండ్రంగిలో 1897 జులై 4న పుట్టిన అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి 26 కార్బైన్ తుపాకులను, సుమారు 2,500 తూటాలను పట్టుకెళ్లాడు. విల్లంబులతో, మందు తుపాకులతో ఉన్న మన్యం వీరులకు తూటా తుపాకి ఎంత విలువైనదో ఆ మూడు రోజులు చెబుతాయి. నెమ్మదిగా నిండే మందు తుపాకిని రైతుకు వదిలి, వేగంగా పేలే తూటా తుపాకిని గుప్పిట్లో పెట్టుకోవడం స్వాతంత్ర్యం తర్వాతి చట్టంలోనూ కొనసాగింది.

వేటే జీవనంగా ఉన్నవాళ్లు కూడా ఈ చరిత్రలో ఉన్నారు. మందు తుపాకి భుజాన వేసుకొని ఊరూరా తిరుగుతూ పిట్టలను, చిన్న జంతువులను కొట్టిన నక్కలవాళ్లు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగ. అరకు, పాడేరు వైపు చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలో మగవాళ్లు అడవికి వేటకు వెళ్లడం, వట్టి చేతులతో వచ్చినవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టించడం పాత ఆచారం. తెలంగాణలో చెక్క తుపాకి పట్టుకొని కోతలు కోసే పిట్టలదొర ఈ జీవనం నుంచి పుట్టిన వేషమే.

చట్టం గీసిన గీత

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ఈ వ్యాస విషయానికి గుండెకాయ. అందులో మూడు తుపాకులు మూడు పనులకు పంచి ఉన్నాయి. ఆత్మరక్షణకు, క్రీడకు 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకి. నిజమైన పంట రక్షణకు మందు కూరే తుపాకి. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడికి గురి సాధన కోసం పాయింట్ 22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. పంట కాపలాకు మందు తుపాకి చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టం తుపాకి ఇవ్వవచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. రైతుకు చట్టం ఇచ్చిన ఎంపిక ఇదీ: ముందు మందు తుపాకి, అది చాలకపోతే గుళ్ల తుపాకి.

లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు. దరఖాస్తుదారుకు 21 ఏళ్లు నిండాలి. పోలీసు నివేదిక, వైద్య ధ్రువపత్రం, 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ కావాలి. తుపాకిని తాళం వేసి దాచే ఏర్పాటు చూపాలి. 2019 సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఎన్నికల సమయంలో తుపాకిని స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో జమచేయమనడం ఆనవాయితీ. అది పంటకాలంతో కలిసొస్తే ఆ రోజుల్లో కాపలా తుపాకి లేకుండానే సాగాలి.

తుపాకి లైసెన్సు వేరు, జంతువును కాల్చే అనుమతి వేరు. ఊళ్లలో చాలామంది తెలియక పొరబడేది ఇక్కడే. పంట రక్షణ తుపాకి చేతిలో ఉన్నా, చేలో పడిన అడవిపందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. చేలో ఉన్న పంటకు ముప్పు కూడా ఆ సెక్షన్ గుర్తించిన కారణమే. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది, మాంసం పంచుకోకూడదు. నెమలి వంటి మొదటి షెడ్యూలు ప్రాణికి పంట నష్టం సాకు చెల్లదు. మొదటి షెడ్యూలు ప్రాణిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. లైసెన్సు లేని నాటు తుపాకి దొరికితే ఆయుధాల చట్టం కింద రెండు నుంచి ఐదేళ్ల జైలు.

తుపాకుల రకాలు

మందు తుపాకి. ఉత్తరాంధ్రలో నాటు తుపాకి, కొన్నిచోట్ల బర్మార్ తుపాకి అంటారు. పొడవాటి ఇనుప గొట్టం, చెక్క కుందా, గొట్టం అడుగున క్యాపు తొడిగే చిన్న మొన, దాని మీద పడే సుత్తి. ఒక్క దెబ్బకు సిద్ధం చేయాలంటే మూతి నుంచి సూరేకారం, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు పోయాలి, గుడ్డపీలిక కూరాలి, గుళ్లు పోయాలి, మళ్లీ పీలిక కూరాలి, చువ్వతో దట్టించాలి, చివర క్యాపు తొడగాలి. చీకట్లో, చెమట పట్టిన చేతులతో దీనికి నిమిషం పైగా పడుతుంది. మొదటి దెబ్బ తప్పితే అడవిపంది రెండో దెబ్బ దాకా ఆగదు. పేలగానే దట్టమైన తెల్లపొగ కమ్మి, జంతువు పడిందో పరుగెత్తిందో కాల్చినవాడికే కనిపించదు. ఉత్తరాంధ్రలో పంట కాపలా ముమ్మరంగా సాగేది వానకాలంలో, ఆ కాలంలోనే మందు చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లిన మందు ఒక్కోసారి క్యాపు పేలిన తర్వాత ఆగి ఆగి అంటుకుంటుంది. పేలలేదనుకొని మూతిలోకి తొంగి చూసినవాడి ప్రాణం ఆ క్షణంలో పోవచ్చు. కాల్చిన ప్రతిసారీ గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి నూనె రాయకపోతే మందు మసి ఇనుమును తినేస్తుంది. అలా తిన్న గొట్టం ఒకరోజు చేతిలోనే పగులుతుంది. లైసెన్సు ఉన్న తుపాకికి తయారీదారు, పరీక్ష, నంబరు ఉంటాయి. దొంగచాటుగా చేసిన గొట్టానికి ఆ భరోసా ఏదీ లేదు.

12 బోరు గుళ్ల తుపాకి. ఒంటి గొట్టంతోనూ జోడు గొట్టాలతోనూ వస్తుంది. గొట్టం లోపలి వెడల్పు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఒక పౌను సీసంతో 12 గుండ్లు పోస్తే ఒక్కో గుండు పట్టే వెడల్పు అని ఆ అంకెకు అర్థం. అందుకే 16 బోరు, 20 బోరు దీనికన్నా సన్నం. ఒక తూటాను విప్పి చూస్తే అడుగున ఇత్తడి టోపీ, దాని నడుమ క్యాపు, పైన పొగరాని మందు, ఆ పైన మెత్తటి బిరడా, దాని మీద సీసపు గుళ్లు, చివర మడత మూత కనిపిస్తాయి. దేశంలో శక్తిమాన్ పేరుతో ప్రభుత్వ మందుగుండు కర్మాగారం తూటాలు ప్రసిద్ధం.

ఈ తుపాకి గొప్పదనం గుళ్ల పరిమాణం మార్చుకోవడంలో ఉంది. ఔన్సుకు సుమారు 270 గుళ్లుండే 6వ నంబరు పిట్టలకూ కుందేళ్లకూ వాడేది. బీబీ రకంలో ఔన్సుకు 70, ఎస్‌ఎస్‌జీలో 15, ఎస్‌జీలో 8, ఎల్‌జీలో 6 గుళ్లు ఉంటాయి. గుండు చిన్నదైతే గుంపుగా పడుతుంది, త్వరగా బలం కోల్పోతుంది. పెద్దదైతే లోతుగా దిగుతుంది, దూరం పోతుంది. గొట్టం మూతి దగ్గర బిగింపును చోకు అంటారు. పూర్తి చోకు ఉన్న తుపాకి 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో నూటికి 70 గుళ్లు పడేస్తుంది, చోకు లేనిది 40 పడేస్తుంది. పని జరిగే దూరం 35 మీటర్లు. 6వ నంబరు గుళ్లు సుమారు 200 మీటర్లలో నేల రాలతాయి, ఎస్‌జీ గుళ్లు 600 మీటర్లు దాటగలవు. సన్న గుళ్లతో అడవిపందిని కొడితే అది వెంటనే చావదు, ఒళ్లంతా సీసంతో రోజుల తరబడి కుళ్లి చస్తుంది, లేదా తిరగబడుతుంది. ఏ తుపాకి అన్నదానికి తోడు ఏ గుళ్లు అన్నదీ ఎంపికలో భాగమే.

పాయింట్ 22 రైఫిల్. ప్రపంచమంతటా చిన్న వేటకు ఎక్కువగా వాడేది ఇదే. 1887 నాటి లాంగ్ రైఫిల్ తూటా కొలత నేటికీ మారలేదు. గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, శక్తి 140 నుంచి 190 జౌల్‌లు. శబ్దం తక్కువ, భుజానికి తన్ను లేదు, 50 మీటర్లలో కుందేలు తలకు గురి పెట్టవచ్చు. ఇన్ని సుగుణాలున్న ఈ చిన్న తూటా గురి తప్పితే ఒక మైలు దాటి కూడా మనిషిని గాయపరచగలదు. రాతి మీద, నీటి మీద పడితే దారి మార్చుకొని ఎగురుతుంది. గుట్టల నడుమ చెరువులున్న పద్మనాభం వంటి చోట ఇది చిన్న ప్రమాదం కాదు. మన చట్టం దీన్ని ప్రధానంగా క్లబ్బుల గురి సాధనకు కేటాయించడానికి ఈ ఒక్క కారణం చాలు.

పాయింట్ 315 రైఫిల్. సైన్యం వాడే పాయింట్ 303 తూటా జనానికి అందకూడదని బ్రిటిష్ కాలంలో వేరుగా తెచ్చిన కొలత ఇది. ప్రభుత్వ కర్మాగారాల్లో నేటికీ తయారవుతుంది. అనుమతి పొందిన షూటర్లు అడవిపంది, నీల్గాయి వంటి వాటికి వాడతారు. చిన్న జంతువుకు ఇది మితిమీరిన బలం. దీని గుండు కిలోమీటర్ల కొద్దీ పోతుంది.

ఎయిర్ గన్. మందు లేకుండా గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్‌ను పంపేది. 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్‌ల శక్తి దాటని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. విశాఖ బీచ్‌లో బుడగలు కాల్చే తుపాకీ, హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన రైఫిలూ ఈ జాతివే. గోదాములో 15, 20 మీటర్ల లోపు ఎలుకను, పందికొక్కును కొట్టడానికి పనికొస్తుంది. పెల్లెట్ తేలిక కాబట్టి గోడ, ధాన్యం బస్తా దాన్ని ఆపేస్తాయి. లైసెన్సు అక్కర్లేదంటే పిట్టను కొట్టవచ్చని కాదు. చిలకను, కౌజును, ఉడుమును ఎయిర్ గన్‌తో కొట్టినా వన్యప్రాణి చట్టం కింద అదీ వేటే. కంటికి తగిలితే మనిషి చూపు పోతుంది. పిల్లల చేతికి బొమ్మగా ఇవ్వదగిన వస్తువు కాదు.

ఎంపిక సూత్రాలు

పై రకాలను ఒకచోట పెట్టి చూస్తే నాలుగు ప్రశ్నలు తేలతాయి. మొదటిది, ఆ జంతువును కొట్టడానికి అనుమతి ఉందా? లేకపోతే మిగతా మూడు ప్రశ్నలతో పని లేదు. రెండోది, ఒక్క దెబ్బకు బాధ లేకుండా ప్రాణం తీసే బలం ఈ తుపాకికి ఈ దూరంలో ఉందా? గాయపడి తప్పించుకున్న జంతువు కాల్చినవాడి తప్పే. మూడోది, జంతువు వెనక ఏముంది? మట్టిగట్టు ఉంటే గుండు అందులో ఆగుతుంది. ఆకాశం, చెరువు, రాతిగుట్ట, జొన్న చేను ఉంటే ఆగదు. నాలుగోది, కాల్చేది చూసి కాలుస్తున్నామా, శబ్దం విని కాలుస్తున్నామా?

ఎక్కువ చావులకు కారణం ఈ నాలుగోదే. మన్యంలోనూ మైదానంలోనూ తోటి వేటగాడినే జంతువనుకొని కాల్చిన సంఘటనలు పత్రికల్లో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. తుప్ప కదిలింది, ఆకులు గలగలలాడాయి, రెండు కళ్లు మెరిశాయి. పశువు కళ్లు, కుక్క కళ్లు కూడా టార్చి వెలుగులో అలాగే మెరుస్తాయి. జంతువు ఒళ్లంతా కనిపించేదాకా వేలు మీట మీదకు పోకూడదన్నది ప్రపంచంలో ఏ వేట శిక్షణలోనైనా మొదటి పాఠం.

సీసం ఇంకో చిక్కు. గుళ్లు దిగిన మాంసంలో కంటికి కనిపించని సీసపు తునకలు మిగులుతాయి. చిత్తడి నేలల్లో రాలిన గుళ్లను బాతులు గులకరాళ్లనుకొని మింగి చస్తాయి. అందుకే అమెరికా 1991లో నీటిపక్షుల వేటకు సీసపు గుళ్లను మాన్పించి ఉక్కు గుళ్లు తెచ్చింది. డెన్మార్క్ 1996లో మొత్తంగా నిషేధించింది. ఐరోపా యూనియన్ 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లో సీసపు గుళ్లను ఆపింది.

చేలో రాత్రి

అడవిపంది చేసే నష్టం చూడనివాళ్లకు రైతు కోపం అర్థం కాదు. ఊడలు దిగి కాయ ముదురుతున్న వేరుశనగ చేలో ఒక గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి ముట్టెతో దున్నిన చాళ్లు కనిపిస్తాయి. తిన్నది కొంత, పెకలించి వదిలేసింది చాలా. వేళ్లు పైకి తేలిన మొక్కలు ఎండ ఎక్కేసరికి వడిలిపోతాయి. మొక్కజొన్నలో కంకి అందదు కాబట్టి కాండాన్నే విరిచి పడేస్తాయి. విత్తనం అప్పు, ఎరువు అప్పు, మూడు నెలల చాకిరీ ఆ చాళ్లలో కనిపిస్తాయి. ఆ ఉదయం రైతు నాటు తుపాకి గురించి ఆలోచిస్తే అతన్ని నేరగాడిగా చూడడం న్యాయం కాదు. అతని కష్టానికి చట్టం దారి చూపాలి, ఆ దారి త్వరగా నడిచేదై ఉండాలి.

దారి దొరకనప్పుడు రైతు ఎంచుకునేవి తుపాకికన్నా ఘోరమైనవి. చేను చుట్టూ కరెంటు తీగ లాగితే పందితో పాటు పశువులు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన రైతులు కూడా చనిపోతున్నారు. ఎరలో చుట్టి పెట్టిన నాటు బాంబు కుక్క నోట్లో, ఆవు నోట్లో పేలుతుంది. కోతులను బెదిరించడానికి పైపులతో చేసే కార్బైడ్ గన్ 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఎందరో పిల్లల కళ్లను దెబ్బతీసింది. వీటిలో ఏదీ ఎవరు వస్తున్నారో చూసి పేలదు.

తుపాకి లేని ఉపాయాలు

హైదరాబాద్ రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పక్షులు, జంతువుల వల్ల పంటకు కలిగే నష్టం మీద అఖిల భారత పరిశోధన పథకం ఏళ్ల తరబడి పనిచేసింది. అది సూచించినవి ఖర్చు తక్కువ పనులు. వేరుశనగ చుట్టూ ముళ్లుండే కుసుమ నాలుగు వరసలు, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరసలు వేస్తే పంది ముట్టెకు ముళ్లు గుచ్చుకుంటాయి, ఆముదం వాసనలో పంట వాసన కలిసిపోతుంది. ముళ్ల తీగ, చేపల వల, పులి అరుపు వంటి శబ్దాలు వినిపించే పరికరాలు కూడా ఈ కోవలోవే. చిలకల మీదకు మెరిసే రిబ్బను, పొద్దున సాయంత్రం మంచె మీద ఒక మనిషి చాలు.

ఎలుక విషయంలో తుపాకి ప్రస్తావనే అనవసరం. వరి పొలంలో ఒక్క ఎలుకను కొడితే పక్క కన్నంలో పది ఉంటాయి. ఇక్కడ పనిచేసేది ఊరంతా ఒకే రోజు కలిసి చేసే పని: ముందు రోజు కన్నాలన్నీ మూయడం, మర్నాడు తెరుచుకున్నవాటిలో నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమాడయోలోన్ మందు 2 పాళ్లు కలిపిన పొట్లాలు పెట్టడం. ఎర కన్నం లోపలే ఉండాలి, పిల్లలకూ కోళ్లకూ అందకూడదు. పొగ పెట్టి ఎలుకలను పట్టే యానాదుల నేర్పు, బుట్టలు పెట్టే పనివాళ్ల నేర్పు డెల్టాల్లో ఎన్నో పంటలను నిలబెట్టాయి. గుడ్లగూబలకు పొలంలో పంగల కర్రలు పాతితే రాత్రి కాపలా అవే చూసుకుంటాయి.

ఇతర ప్రాంతాల అనుభవం

1932 నవంబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మీద పడ్డ ఈమూ పక్షుల మీదకు సైన్యం రెండు లూయిస్ మెషిన్ గన్‌లతో, 10,000 తూటాలతో వెళ్లి ఓడిపోయి వచ్చింది. పక్షులు చెదిరిపోయాయి, తిరిగి వచ్చాయి. చివరికి పంటను కాపాడింది కంచె. అదే దేశం 1996 పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత, తుపాకి కావాలంటే నిజమైన కారణం చూపాలన్న నియమం తెచ్చింది. వ్యవసాయం, చీడజంతువుల అదుపు ఆ కారణాల్లో ఉన్నాయి.

మన దేశంలో 2015, 2016లో కేంద్రం బిహార్‌లో నీల్గాయిని, అడవిపందిని, ఉత్తరాఖండ్‌లో అడవిపందిని, హిమాచల్‌లో కోతిని కొంతకాలానికి చీడజంతువులుగా ప్రకటించింది. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు 200కు పైగా నీల్గాయిలను కాల్చారు. దాని మీద కేంద్ర మంత్రుల మధ్యే బహిరంగ వాదం నడిచింది. కేరళ 2022లో అడవిపందిని కాల్చేందుకు అనుమతించే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు ఇచ్చింది. కాల్చేది మాత్రం లైసెన్సు ఉన్న షూటరే. అనుమతి ఊళ్లోనే దొరకడం, తుపాకి శిక్షణ ఉన్నవాడి చేతిలోనే ఉండడం ఈ పద్ధతిలోని మేలు. మరో కొసన అరుణాచల్ ప్రదేశ్ 2021 మార్చిలో మొదలుపెట్టిన ఉద్యమంలో జనం తమంతట తాము 2,000కు పైగా ఎయిర్ గన్‌లను ప్రభుత్వానికి అప్పగించారు. పిట్టలు కనిపించని అడవి చూసి బాధపడ్డ ఊళ్లు తీసుకున్న నిర్ణయం అది.

పద్మనాభానికి వర్తించేది

ఈ మండలం వంటి చోట ఎంపిక వరస ఇలా ఉండాలి. ముందు కంచె పంట, వల, కాపలా. ఎలుకలకు ఊరుమ్మడి ఎర. అప్పటికీ ఆగని అడవిపంది మీద అటవీశాఖకు అర్జీ, నష్టపరిహారానికి దరఖాస్తు. కాల్చక తప్పదని అనుమతి వస్తే, శిక్షణ ఉన్న మనిషి, 12 బోరు తుపాకి, పెద్ద గుళ్లు, 30 మీటర్ల లోపు దూరం, ఎత్తైన మంచె మీది నుంచి కిందికి, నేలలోకి. మంచె ఎత్తు వల్ల గురి తప్పిన గుళ్లు మట్టిలోనే దిగుతాయి. తాతల కాలంలో పిట్టలను చూడ్డానికి కట్టిన మంచెకు ఈ గుణం కూడా ఉంది.

రైఫిల్ ఈ నేలకు తగదు. దొంగ నాటు తుపాకి ఏ నేలకూ తగదు. ఇక్కడ ఒక చేను దాటితే ఇంకో చేను, దాని గట్టున ఇంకో మంచె. అడవిపంది వచ్చిన రాత్రి ఆ మంచె మీద మేలుకొని ఉండేది పక్క పొలం రైతే.